దవడా నడుమూ: కొల్లేటి సీమలో ఒంటి సాధన కథ

దవడ బిగువుకీ ఒంటి ఒడుపుకీ ఉన్న సంబంధాన్ని తెలుగునాట దేహసాధన చేసినవాళ్లంతా ఏదో రూపంలో గుర్తించారు. అయితే అందరూ ఒకే దారి పట్టలేదు. యోగి నోరు బార్లా తెరిచాడు. సాము చేసేవాడు పళ్లు బిగించాడు. పాడుతూ ఆడే భాగవతుడికి ఆ రెండూ కుదరలేదు. ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్య జాతీయ రహదారి మీదున్న గుండుగొలను ఈ కథ చెప్పుకోవడానికి అనువైన చోటు. ఊరికి ఉత్తరాన మెట్ట, ఆ మెట్టలో ద్వారకా తిరుమల గుడి. దక్షిణాన కొల్లేటి పల్లం.

ద్వారకా తిరుమలలో అర్చన వైఖానస ఆగమం ప్రకారం జరుగుతుంది. ఆ ఆగమానికి చెందిన మరీచి విమానార్చనకల్పం ప్రధానంగా గుడి కట్టడం, విగ్రహ ప్రతిష్ఠ, పూజావిధానాల గురించిన గ్రంథం. అందులో యోగానికీ కొంత చోటు దక్కింది. అక్కడ చెప్పిన తొమ్మిది ఆసనాల్లో సింహాసనం ఒకటి. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు హఠప్రదీపికలో దాన్ని విడమరిచి చెప్పాడు. చీలమండలు వృషణాల కింద చెరోపక్కా ఆనించి కూర్చోవాలి, అరచేతులు మోకాళ్ల మీద పెట్టి వేళ్లు చాచాలి, నోరు పూర్తిగా తెరిచి చూపు ముక్కు కొసన నిలపాలి. ఈ ఆసనం బంధాలనే మూడు బిగింపులనూ కుదురుస్తుందని ఆయన అంటాడు. గొంతు దగ్గర జాలంధరం, పొట్ట దగ్గర ఉడ్డియానం, అడుగున మూలబంధం. నోరు తెరవడం ముఖానికి మాత్రమే సంబంధించిన పని కాదనీ, దాని ప్రభావం కటిదాకా దిగుతుందనీ ఇంత సూటిగా చెప్పిన పాత మాట మరొకటి దొరకడం కష్టం.

నాట్యశాస్త్రం ఇదే దవడను నటుడి కళ్లతో చూసింది. గడ్డం కదలికలను ఏడుగా విడదీసి, పళ్లు దూరందూరంగా విడిపోయే కదలికను ఆవులింతకు కేటాయించింది. పళ్లు గట్టిగా కలుసుకునేదాన్ని జబ్బుకీ భయానికీ చలికీ చెప్పి, వాటి సరసన వ్యాయామాన్నీ చేర్చింది. కొల్లేటికి దక్షిణాన ఉన్న కూచిపూడి భాగవతులకు మాత్రం ఈ బిగింపు పనికొచ్చేది కాదు. పాత పద్ధతిలో వేషధారే పాడుతూ, మాట్లాడుతూ ఆడాలి. పళ్లు కరిచి గంతేసినవాడి నోట దరువు పలకదు.

సాములో లెక్క వేరు. దండీలు, బస్కీలు, లోడీలు, కర్రసాము, పండగనాడు రచ్చబండ దగ్గర రాతిగుండు ఎత్తడం, ఇవన్నీ పంటి బిగువు మీద నడిచినవే. గుండు మోకాళ్లు దాటి రొమ్ముకెక్కే క్షణంలో ఎత్తేవాడి చెవుల ముందు కండ ఉబుకుతుంది, మెడనరాలు తేలతాయి, ఊపిరి ఆగిపోతుంది. బరువు భుజానికెక్కాకే నోరు తెరుచుకుంటుంది. ఒళ్లు విరుచుకునే ఆసనాల యోగాన్ని వేమన జెట్టి చేసే సాముకన్నా కొంచెం తక్కువగానే లెక్కగట్టాడు. అది యోగుల మీద విసురే అయినా, ఆ రెండు సాధనలనూ జనం పక్కపక్కన పెట్టి చూసేవారనడానికి మంచి సాక్ష్యం.

అన్నిటికన్నా ఒడుపు కావలసింది దొమ్మరి ఆటకి. గడల మీద ఆడేవాళ్ల ప్రస్తావన పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోనే ఉంది. దక్షిణాది కులాల మీద థర్స్టన్ రాయగా 1909లో అచ్చయిన సంపుటాలు దొమ్మరులను మొగ్గలు వేసేవాళ్లుగా, కసరత్తు చేసేవాళ్లుగా వర్ణిస్తూ, కొందరు ఊరూరా తిరుగుతుంటే మరికొందరు వ్యవసాయంలో స్థిరపడ్డారని రాశాయి. డోలు మోగుతుంటే వీధి మధ్య నిలబడి, నడుము విల్లులా వెనక్కి వంచి, నేల మీది నాణేన్ని నోటితో అందుకోవడం ఇలాంటి ఆటల్లో జనం చప్పట్లు కొట్టే ఘట్టం. ఇక్కడ దవడ పాత్రను ఎవరైనా కూర్చున్నచోటే పరీక్షించుకోవచ్చు. నోరు మూసుకుని తల వెనక్కి వాలిస్తే గడ్డం కింద పట్టేస్తుంది. నోరు వదిలితే తల మరికాస్త వాలుతుంది. దవడ నుంచి కంఠంలోని చిన్న ఎముకకీ, అక్కడి నుంచి రొమ్ము ఎముకకీ, భుజం రెక్కకీ కండరాల పట్టీలు ఉండటమే కారణం. ఇంత విద్య చేతిలో ఉన్నవాళ్లకు ఊళ్లో దక్కిన మర్యాద మాత్రం అంతంతమాత్రమే.

పళ్లు బిగిస్తే బలం వస్తుందన్న సాములోని నమ్మకానికి వైద్యంలో కొంత ఆధారం దొరికింది. 1880 దశకంలో హంగేరీ వైద్యుడు ఎర్నో యెండ్రాషిక్, రోగి రెండు చేతుల వేళ్లనూ కొక్కేల్లా తగిలించి గట్టిగా లాగుతున్నప్పుడు మోకాలి ప్రతిచర్య పెరుగుతుందని చూపించాడు. పళ్లు గట్టిగా కరిచినా అదే జరుగుతుంది. మోకాలి మీద సుత్తితో కొట్టినా కాలు ఎగరకపోతే వైద్యులు ఇప్పటికీ ఈ చిట్కా వాడతారు. దవడ బిగింపు వెన్నుపాములోని నరాలను కూడా ఉసిగొల్పుతుందని దీని అర్థం. దవడ సాగదీస్తే నడుమూ పిక్కలూ శాశ్వతంగా మెత్తబడతాయన్న మాటకు మాత్రం ఇంత బలం లేదు. మెడ తేలికపడటం వేరు, తొడ వెనక కండరం పొడవు పెరగడం వేరు. పైగా కీలు వదులుగా ఉన్నవాళ్లు అతిగా నోరు తెరిస్తే దవడ జారిపోతుంది. జారిన దవడకు కాపడం పెట్టి, కీలు కూర్చి, కట్టు కట్టే పద్ధతి సుశ్రుత సంహితలోనే ఉంది.

దవడకీ ఒంటికీ ఉన్న సంబంధాన్ని పల్లెలకు నిర్దయగా చూపించింది ధనుర్వాతం. మట్టిలో, పేడలో ఉండే క్రిమి కొడవలి గాటులోనుంచో, అరికాల్లో దిగిన ముల్లు వెంటో, పుట్టిన బిడ్డ బొడ్డుకోతలోనుంచో ఒంట్లోకి చేరుతుంది. చాలామందిలో ముందు దవడ పట్టేస్తుంది. తర్వాత మెడ, వీపు బిగిసి ఒళ్లు విల్లులా వంగుతుంది. పసిబిడ్డయితే మొదట పాలు తాగడం మానేస్తుంది. వరిచేలల్లో చెప్పులు లేకుండా నడిచే కొల్లేటి సీమ జనానికి నోరు బిగుసుకుంటే ఏం రాబోతోందో చెప్పనక్కర్లేకపోయింది. 1889లో జపాన్ శాస్త్రవేత్త కితసాటో ఆ క్రిమిని విడదీశాడు, 1920లలో టీకా తయారైంది. 1985లో మన దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలయ్యాక గర్భిణులకు ఆ సూది వేయడం ఊరూరా మామూలైంది. బాలింతల్లో, పసివాళ్లలో ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు రాష్ట్రాలవారీగా ధ్రువీకరించే పని 2003లో ఆంధ్రప్రదేశ్‌తో మొదలై 2015లో నాగాలాండ్‌తో పూర్తయింది.