ఇంటి ఇంటర్నెట్ వేగం: ఏ స్పీడ్ టెస్ట్‌ను నమ్మాలి?

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికి వెళ్లినవారి కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా ఉంటున్నాయి. ఆ రైల్వే క్వార్టర్లలో ఇప్పుడు ఆన్‌లైన్ పరీక్షలు, ఉద్యోగ ఇంటర్వ్యూలు, శ్రీకాకుళంలోని బంధువులతో వీడియో కాల్స్ ఇంటి నెట్ మీదే నడవాలి. కాల్ మధ్యలో ఆగితే వెంటనే స్పీడ్ టెస్ట్ చేస్తారు. ఒక సైట్ 95 ఎంబీపీఎస్ అంటుంది, మరొకటి 40 అంటుంది. రెండూ నిజమే కావచ్చు. ఎందుకంటే అవి కొలిచే దారులు వేరు.

ఏది దేన్ని కొలుస్తుంది?

ఊక్లా స్పీడ్‌టెస్ట్: దగ్గర్లోని సర్వర్‌ను ఎంచుకుని, ఒకేసారి అనేక కనెక్షన్లు తెరుస్తుంది. లైన్ గరిష్ఠ సామర్థ్యం తెలుస్తుంది. అయితే ఆ సర్వర్ మీ నెట్ కంపెనీదే అయితే డేటా దాని నెట్‌వర్క్ దాటి వెళ్లదు. అందుకే కోల్‌కతాలోని మరో సంస్థ సర్వర్‌తో, తర్వాత చెన్నై లేదా ముంబై సర్వర్‌తోనూ చూడాలి.

ఫాస్ట్ డాట్ కామ్: నెట్‌ఫ్లిక్స్ 2016లో తెచ్చింది. నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచి వచ్చే వేగాన్ని చూపుతుంది. సినిమాలు ఆగుతుంటే ఇది ఉపయోగం.

ఎం-ల్యాబ్ ఎన్‌డీటీ: నెట్ కంపెనీల నెట్‌వర్క్‌ల బయట ఉన్న సర్వర్లతో, ఒకే కనెక్షన్‌తో కొలుస్తుంది. అంకె తక్కువగా రావడం సహజం.

క్లౌడ్‌ఫ్లేర్ టెస్ట్: వేగంతో పాటు ఆలస్యం, దానిలో హెచ్చుతగ్గులు, దారిలో పోయిన డేటా శాతం చూపుతుంది. కాల్స్ తెగిపోతుంటే వేగం కన్నా ఈ అంకెలే ముఖ్యం.

ట్రాయ్ మైస్పీడ్: నియంత్రణ సంస్థ ఫోన్ యాప్. మొబైల్ డేటాకు అనువు. వైఫై మీద చేస్తే గోడల ప్రభావం కూడా ఫలితంలో కలిసిపోతుంది.

కొలిచే పద్ధతి

ముందు రౌటర్‌కు ల్యాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్ కలపాలి. వీపీఎన్ ఆపాలి, ఇంట్లో మిగతా డౌన్‌లోడ్లు నిలపాలి. ఆ తర్వాతే వైఫైతో చేయాలి. కేబుల్‌తో బాగా వచ్చి వైఫైతో తగ్గితే లోపం ఇంటి లోపలే ఉంది. 200 ఎంబీపీఎస్ ప్లాన్‌లో అంకె ఎప్పుడూ 95 దగ్గరే ఆగితే కేబుల్, రౌటర్ పోర్టు చూడాలి. పాత పోర్టు 100 దాటనివ్వదు.

ఒక్కసారి కొలిస్తే చాలదు. కనీసం మూడు రోజులు, ఉదయం ఒకసారి, రద్దీగా ఉండే రాత్రి 9 గంటలకు ఒకసారి, రెండు వేర్వేరు టూల్స్‌తో కొలిచి స్క్రీన్‌షాట్లు దాచాలి. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. ఫైల్ డౌన్‌లోడ్‌లో అది 12.5 మెగాబైట్లే కనిపిస్తుంది. అది మోసం కాదు.

ఫిర్యాదు చేసేటప్పుడు

2023 నుంచి 2 ఎంబీపీఎస్ ఉన్నా దేశంలో బ్రాడ్‌బ్యాండే. కాబట్టి ఆ నిర్వచనం కాదు, ప్లాన్‌లో రాసిన వేగమే వాదనకు ఆధారం. డేటా పరిమితి దాటిందేమో ముందే చూసుకోవాలి. తర్వాత కంపెనీకి ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ తీసుకోవాలి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పీలేట్ అథారిటీని ఆశ్రయించవచ్చు. దీనికి రుసుము లేదు. ‘నెట్ స్లోగా ఉంది’ అనే మాట కన్నా తేదీ, సమయం, సర్వర్ పేరు ఉన్న ఆరు స్క్రీన్‌షాట్లకు అక్కడ విలువెక్కువ.