పారిస్‌కి వెళ్ళిన చార్టులు (లెక్కలూ మనమూ - 6)

మొన్న హాస్టల్ మీటింగులో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, లెక్కలన్నీ మన దగ్గరే ఉన్నాయి కదా, చూపిస్తే మారరా?" డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ కూడా ఒకప్పుడు మారతారనే నమ్మారు.

ఆయన అట్లాంటా యూనివర్సిటీలో సోషియాలజీ ప్రొఫెసర్. తెల్లవాళ్ళ రోగం అజ్ఞానం, మందు పరిశోధన అనుకునేవారు. 1899 ఏప్రిల్‌లో జార్జియాలో శామ్ హోస్ అనే నల్ల కూలీ మీద హత్యానేరం మోపారు. డుబాయిస్ ఓపిగ్గా ఒక వివరణ రాసుకుని పత్రికాఫీసుకి బయల్దేరారు. హోస్‌ని గుంపు చంపేసిందనీ, అతని వేళ్ళ కణుపులు ఆ దారిలోనే ఒక కిరాణా కొట్లో చూడ్డానికి పెట్టారనీ నడుస్తుండగానే తెలిసింది. వెనక్కి తిరిగి వచ్చేశారు.

అయినా మరుసటి ఏడాది, 1900లో, పారిస్ ప్రపంచ ప్రదర్శనకి చార్టులు తయారుచేశారు. ఆయనా, ఆయన విద్యార్థులూ, పూర్వ విద్యార్థులూ కలిసి సిరాతో, రంగులతో చేత్తో వేసినవి అరవైకి పైనే. శీర్షికలు ఇంగ్లిషులో, చాలావాటికి ఫ్రెంచిలో కూడా. చూసేవాడి భాషలో మాట్లాడాలి కదా. డబ్బులేక ఓడలో అన్నిటికన్నా చవక తరగతిలో వెళ్ళి, దగ్గరుండి అమర్చారు. బంగారు పతకం వచ్చింది.

వాటిలో ఒక్కటి మీరు తప్పక చూడాలి. 1790 నుంచి 1870 దాకా నల్లవాళ్ళలో బానిసలెందరు, స్వేచ్ఛ ఉన్నవాళ్ళెందరు అన్న చార్టు. కాగితమంతా నలుపు, పైన సన్నటి ఆకుపచ్చ పట్టీ. ఆ పట్టీయే స్వేచ్ఛ. 1790లో 8 శాతం. 1830కి 14. ఆ తర్వాత పెరగలేదు, తగ్గింది! 1860లో 11. అంటే డెబ్భై ఏళ్ళకి మూడు శాతం. చివరి పదేళ్ళలో ఆకుపచ్చ ఒక్కసారిగా కిందిదాకా దూకుతుంది. 1870లో నూటికి నూరు. మధ్యలో ఉన్నది అంతర్యుద్ధం, పదమూడో రాజ్యాంగ సవరణ.

"కాలం మారుతోందమ్మా, ఓపిక పట్టండి" అని మన తాతల నుంచీ వింటున్నాం. ఆ సలహాకి ఇంత సూటి జవాబు నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. అవే అంకెలు పట్టికలో ఉంటే కన్ను జారిపోతుంది. బొమ్మలో ఆ నలుపు మీద నుంచి కన్ను కదలదు.

అయితే జార్జియాలో హత్యలు ఆగలేదు తమ్ముడూ. 1910లో డుబాయిస్ యూనివర్సిటీ వదిలేసి ఎన్‌ఏఏసీపీలో చేరారు, 'క్రైసిస్' పత్రిక పెట్టారు. లెక్కలు మానలేదు. ఉద్యమంలోకి తీసుకెళ్ళారు.

1946లో అంబేడ్కర్ ఈ డుబాయిస్‌కే ఒక ఉత్తరం రాశారు. వచ్చే భాగంలో అది.

జై భీమ్.