జీడి అంటు మీద ప్లాస్టిక్ టోపీ

జీడి అంట్లు కట్టేటప్పుడు నర్సరీలో చూసే ఉంటారు. లేత మొలక తల కోసి, చీల్చి, మంచి కాపు చెట్టు పుల్లను అందులో దింపి కడతారు. పైన సన్నటి ప్లాస్టిక్ సంచి టోపీలా తొడుగుతారు. పుల్లకు వేరు లేదు. అతుక్కునే వరకు ఆ టోపీలోని తేమే దాని ప్రాణం.

ఈ టోపీ వెనక చాలా కథ ఉంది. రోమ్ చక్రవర్తి టైబీరియస్‌కి ఏడాది పొడుగునా దోసకాయ కావాలట. తోటమాలులు చక్రాల మళ్ళలో పాదులు పెంచి, ఎండకు బయటికి తోసి, చలికి వెలుతురు దిగే రాతి పలకలు కప్పేవారు. రాజుల సోకు, వదిలేయండి.

అసలు సంగతి 1829లో జరిగింది. లండన్‌లో నథానియల్ వార్డ్ అనే డాక్టరు మూత వేసిన సీసాలో తడి మట్టి వేసి పురుగు గూడు పెట్టాడు. అందులో మొక్క మొలిచింది! పగలు ఆవిరై అద్దానికి పట్టిన నీరు మళ్ళీ మట్టిలోకే దిగేది. ఆ పద్ధతిలో చేసిన గాజు పెట్టెల్లో 1833లో మొక్కలు ఓడెక్కి ఆస్ట్రేలియా చేరాయి. 1876లో బ్రెజిల్ రబ్బరు గింజలు లండన్‌లో మొలకెత్తి, ఆ పెట్టెల్లోనే సింహళం వెళ్ళాయి. మన జీడి కూడా బ్రెజిల్‌దే, పోర్చుగీసోళ్ళు తెచ్చారు. పిక్క గట్టిది కాబట్టి దానికి పెట్టె అక్కర్లేకపోయింది.

1948లో అమెరికాలోని కెంటకీలో ఎమర్ట్ అనే ప్రొఫెసరు, గాజు కొనే స్తోమత లేక, కర్ర చట్రానికి పారదర్శక కాగితం కప్పాడు. మనలాంటోళ్ళకి అందింది అక్కడి నుంచే.

మన తాతలకి గాజూ లేదు, ప్లాస్టిక్కూ లేదు. ఉద్దానంలో కొబ్బరి మట్టలే పైకప్పు. దాని కింద పనస, జీడి, ఇంకా కింద అరటి, కంద. ఇసుక నేల కాగకుండా, సముద్రపు గాలి నేరుగా కొట్టకుండా అదే కాసేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. కప్పు మొత్తం పోయింది. మా తోటలో చెట్టు పడకుండా మిగిలిన కంద, అరటి పిలకలు తర్వాతి వేసవికి మాడాయి.

పాలీహౌస్ వేద్దామా అని కొందరు అడుగుతున్నారు. నారుకి, అంట్లకి సరే, అదీ తుఫాను హెచ్చరిక వస్తే విప్పి మడత పెట్టగలిగేదైతేనే. తోటకి మాత్రం చెట్టే కప్పు. కొత్త కొబ్బరి నీడ పట్టడానికి ఏళ్ళు పడుతుంది. అప్పటిదాకా అంటుకి పడమర వైపు రెండు కొబ్బరి మట్టలు గుచ్చండి, మొదట్లో ఆకు చెత్త పరవండి. అతుకు దగ్గర కట్టిన ప్లాస్టిక్ పట్టీ విప్పడం మరవకండి. అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్ళు నాటు మొక్కవి, ఎప్పటికప్పుడు గిల్లేయండి.