పై లీగ్‌కొచ్చాం, స్టాండు కడదామా?

ఏటా మే నెలాఖరుకు ఇంగ్లండ్‌లో ఏదో ఒక ఊరు ఈ ప్రశ్న వేసుకుంటుంది: "కొత్తగా పైకి వచ్చిన క్లబ్బు తన స్టేడియాన్ని ఇప్పుడే పెంచుకోవాలా?" వాక్యం చిన్నదే. చిక్కు మాత్రం ప్రతి పదంలోనూ ఉంది. అందుకే పద్యానికి చెప్పినట్టు ప్రతిపదార్థం చెప్పుకుందాం. ఉదాహరణకు ఎక్కువగా లూటన్ టౌన్ కథే వాడుకుంటాను. ఈ ప్రశ్నను అంత ఇరుకు సందులో నిలబడి ఎదుర్కొన్న క్లబ్బు ఈమధ్య మరొకటి లేదు.

కొత్తగా పైకి వచ్చిన: క్రికెట్ చూసే మనకు ఈ మాటకు కాస్త వివరణ కావాలి. ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ 2023లో అట్టడుగున నిలిచింది, మరుసటి ఏడు దర్జాగా ఫైనల్ ఆడింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. ప్రీమియర్ లీగ్‌లోని 20 జట్లలో ఆఖరి మూడు దిగిపోతాయి, కింది చాంపియన్‌షిప్ నుంచి మూడు ఎక్కి వస్తాయి. లూటన్ 2023 మే 27న వెంబ్లీలో కోవెంట్రీని పెనాల్టీల్లో 6-5తో గెలిచి ఎక్కింది. 2014 దాకా ఐదో అంచెలో, అంటే ఫుట్‌బాల్ లీగ్ గడప బయట, పడి ఉన్న జట్టు అది.

ఎక్కడం ఒక్క సాయంత్రంలో తేలిపోవచ్చు, నిలదొక్కుకోవడం 38 మ్యాచ్‌ల పని. ఆ ఏడాది ఎక్కిన లూటన్, బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్ మూడూ ఏడాది తిరక్కుండానే దిగిపోయాయి. మరుసటి ఏడు ఎక్కిన లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్‌లదీ అదే గతి. ఆరింటికి ఆరూ. స్టాండు గీతలు గీయించి, అనుమతి తెచ్చి, పునాది తవ్వేలోపు కొందరికి పై లీగ్ ముచ్చటే తీరిపోతోంది.

క్లబ్బు: అంటే ముందు దాని పద్దుపుస్తకం. జనం ఎక్కువ వస్తే డబ్బు ఎక్కువ వస్తుందనేది పాత లెక్క. ప్రీమియర్ లీగ్‌లో ఇల్లు నడిపేది టీవీ. ఆఖరి స్థానంలో నిలిచిన జట్టుకు కూడా ఏడాదికి 10 కోట్ల పౌండ్లకు పైగా ముడుతుంది. 2015లో పైకి వచ్చిన బోర్న్‌మత్ పదకొండు వేల చిల్లర సీట్లతోనే వరసగా ఐదేళ్లు నెట్టుకొచ్చింది. దాని ఆదాయంలో మైదానం రాబడి నూటికి ఐదు పౌండ్ల చుట్టుపక్కలే ఉండేది.

ఒక గుణకారం చేద్దాం. కొత్తగా 5 వేల సీట్లు, సీటుకు 40 పౌండ్లు, సొంత మైదానంలో 19 మ్యాచ్‌లు, ప్రతిసారీ హౌస్‌ఫుల్ అనుకోండి. ఏడాదికి వచ్చేది 38 లక్షల పౌండ్లు. పట్టికలో ఒక్క మెట్టు పైన ముగిస్తే అదనంగా వచ్చే సొమ్ము దాదాపు 30 లక్షలు. సీటు కట్టుబడికి 5 వేల పౌండ్లు వేసుకున్నా మొత్తం ఖర్చు రెండున్నర కోట్లు. అంటే ఆరేడేళ్లు పై లీగ్‌లోనే ఉండి, ప్రతి మ్యాచ్‌కూ జనం నిండితే గానీ అసలు చేతికి రాదు, వడ్డీ సంగతి వేరు. దిగిపోయిన జట్లకు పారాచూట్ పేరుతో లీగ్ కొంత సొమ్ము ఇస్తుంది, నిజమే. కానీ ఒక్క ఏడాదికే దిగిపోతే అదీ మూడేళ్లు కాదు, రెండేళ్లే.

ఇక్కడ ఎదుటి పక్షానికీ ఒక మంచి వాదన ఉంది. క్లబ్బులు మూడేళ్లలో ఇంతకు మించి నష్టపోకూడదని 2025-26 సీజన్ దాకా ఉన్న లీగ్ నియమంలో స్టేడియం ఖర్చును నష్టం కింద లెక్కించేవారు కాదు. ఆటగాడి మీద పోసిన డబ్బు నష్టంలో కలిసేది, ఇటుక మీద పోసింది కలిసేది కాదు. కొనడానికి చేతులు కట్టేసినప్పుడు కట్టడం మీదికి మనసు పోవడంలో ఆశ్చర్యం లేదు.

తన: చాలాచోట్ల ఈ రెండక్షరాలు అబద్ధం. బోర్న్‌మత్ మైదానం 2005లోనే చేయి దాటి ఒక ఆస్తుల కంపెనీకి వెళ్లింది, 2015లో పైకి ఎక్కేనాటికి కూడా అది క్లబ్బు చేతిలో లేదు. అద్దె ఇంటికి మేడ కట్టే వాళ్లెవరు? స్వాన్సీ ఆడిన లిబర్టీ స్టేడియం అక్కడి కౌన్సిల్ కట్టించినది.

స్టేడియం: కెనిల్‌వర్త్ రోడ్డు చూడని వాళ్లకు లూటన్ బాధ అర్థం కాదు. 1905 నుంచి ఆ క్లబ్బు అక్కడే ఉంది, చుట్టూ గోడకు గోడ ఆనుకున్న ఇళ్ల వరసలు. ఓక్ రోడ్డులో ఇళ్ల మధ్య ఉన్నట్టుండి ఒక గేటు వస్తుంది. ప్రత్యర్థి అభిమానులు ఇంట్లోకి దూరినట్టే దూరి, ఇనుప మెట్లెక్కి, పక్కవాళ్ల పెరళ్లలో ఆరేసిన బట్టలు చూసుకుంటూ స్టాండులోకి చేరతారు. ఇంకో సీటు వెయ్యాలంటే ఎవరిదో ఒకరి వంటిల్లు పోవాలి. 1959లో బ్లాక్‌పూల్‌తో కప్ మ్యాచ్‌కు 30 వేల పైచిలుకు జనం పట్టిన చోట ఇప్పుడు సుమారు 12 వేలమందికే చోటుంది.

మైదానం అదే, మారింది చట్టం. అది ఎందుకు మారిందో చెప్పకుండా ఈ పదం దాటకూడదు. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్ సిటీ మూడో డివిజన్ ట్రోఫీ అందుకుని లింకన్ సిటీతో ఆఖరి మ్యాచ్‌కు దిగింది. అదీ కొత్తగా పైకి వెళ్తున్న క్లబ్బే. ప్రధాన స్టాండు పాతకాలపు చెక్కది, సీట్ల కింద ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త. రెండో డివిజన్‌కు వెళ్తే భద్రతా చట్టం వర్తిస్తుంది గనుక కొత్త కప్పుకు ఉక్కు అప్పటికే తెచ్చి పెట్టారు. సీజన్ ముగియగానే పని మొదలు కావాలి. సగం ఆట కాకముందే నిప్పంటుకుంది, నిమిషాల్లో స్టాండంతా పాకింది. 56 మంది చనిపోయారు. నాలుగేళ్లకు హిల్స్‌బరో స్టేడియంలో జనం నలిగిపోయిన దుర్ఘటన, ఆపైన 1990లో దాని మీద టేలర్ నివేదిక. పై రెండు డివిజన్లలో నిలబడి చూసే గ్యాలరీలు తీసేసి అందరికీ సీట్లు వెయ్యాల్సి వచ్చింది. పెద్ద స్టాండు గురించి మాట్లాడే ముందు ఉన్న స్టాండు గట్టిదేనా అని అడగాలనడం చాదస్తం కాదు.

ఇప్పుడే: లూటన్‌కు దొరికింది ఒక్క వేసవి. ఆ కొద్ది వారాల్లో ఒక పక్క స్టాండు పడగొట్టి కట్టారు, కెమెరాలకు, పత్రికలవాళ్లకు లీగ్ కోరిన ఏర్పాట్లు చేశారు, కోటి పౌండ్ల దాకా పెట్టారు. ఇది విస్తరణ కాదు, ప్రవేశ రుసుము. అయినా ఆగస్టు 19న బర్న్‌లీతో ఆడాల్సిన తొలి సొంత మ్యాచ్ వాయిదా పడింది. సొంత మైదానంలో తొలి ఆట సెప్టెంబరు 1న వెస్ట్ హామ్‌తో ఆడి 1-2తో ఓడింది.

దీనికి తలకిందుల కథ బ్రెంట్‌ఫర్డ్‌ది. 17 వేల చిల్లర సీట్ల కొత్త మైదానంలోకి 2020లోనే వెళ్లింది, 2021లో పై లీగ్‌కు ఎక్కింది. స్వాన్సీ 2011లో ఎక్కి, నిలదొక్కుకుని, 2014లో 33 వేల దాకా పెంచుకునే అనుమతి తెచ్చుకుంది. కట్టలేదు. 2018లో దిగిపోయింది. ఆ కాగితం కాగితంగానే మిగలడం ఆ క్లబ్బు అదృష్టమని నేనంటాను.

పెంచుకోవాలా: పెద్దగా కట్టి కూర్చుంటే ఏమవుతుందో డార్లింగ్టన్ చూపించింది. 2003లో నాలుగో అంచెలో ఉండగానే యజమాని 25 వేల సీట్ల స్టేడియం కట్టి దానికి తన పేరే పెట్టుకున్నాడు. తొలి మ్యాచ్‌కు వచ్చినవాళ్లు సగం సీట్లు కూడా నింపలేదు, ఆ తర్వాత అంతమంది కూడా రాలేదు. ఆ డిసెంబరుకే క్లబ్బు దివాలా అంచున పడింది, 2012లో ఆ మైదానమే వదిలిపోయింది.

కాబట్టి నా సమాధానం ఇది: ఎక్కిన ఏడాది భద్రతకు, లీగ్ నియమాలకు కావలసినంతే చేయాలి. మాంచెస్టర్ యునైటెడ్ వచ్చిన రోజు టికెట్లు చాల్లేదని స్టాండు కట్టకూడదు, ఆ రోజు ఎవరికైనా చాలవు. కింది డివిజన్‌లో ఉండగా, చలికాలం మంగళవారం రాత్రి, పేరున్న ప్రత్యర్థి ఎవరూ రాని మ్యాచ్‌కు కూడా మైదానం నిండుతుంటే అప్పుడు నిస్సంకోచంగా కట్టాలి. ఈ పరీక్షలో లూటన్ నెగ్గుతుంది. పవర్ కోర్ట్ అనే చోట కొత్త స్టేడియానికి అది స్థానిక కౌన్సిల్ అనుమతి తెచ్చుకున్నది ప్రీమియర్ లీగ్ మత్తులో కాదు, మూడో డివిజన్‌లో ఉండగా, 2019 జనవరిలో. 2025లో తిరిగి ఆ మూడో డివిజన్‌కే పడిపోయినా ఆ పథకాన్ని వదులుకోలేదు.