టైరు మీద నాలుగు అంకెలు: ట్రైలర్ టైర్లు ఎప్పుడు మార్చాలి?

2024 జూన్‌లో ఒక రాత్రి డల్లాస్ నుంచి మా బావ వీడియో కాల్ చేశాడు. సెకండ్ హ్యాండ్‌లో ట్రావెల్ ట్రైలర్ కొన్నాడు. అంటే ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు అన్నమాట. జూలైలో అక్కతో, పిల్లలతో అరిజోనా, గ్రాండ్ కేన్యన్ ట్రిప్.

"టైర్లు చూడరా, ట్రెడ్ అస్సలు అరగలేదు. కొత్తవే!"

"ట్రెడ్ కాదు బావా, డీఓటీ అని ఉంటుంది చూడు. చివరి నాలుగు అంకెలు చదువు."

ఫోన్ టార్చ్ వేసుకుని ట్రైలర్ కిందకి దూరాడు. ఎందుకంటే పూర్తి కోడ్ టైరుకి ఒక పక్కనే ఉంటుంది, అది లోపలి వైపు ఉంటే పాకాల్సిందే. "0916" అన్నాడు. 2016లో 9వ వారం. ఎనిమిదేళ్లు!

ఈ అంకెల వెనక పెద్ద కథే ఉంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి వేడి చేస్తే అది గట్టిపడుతుందని కనిపెట్టాడు. రబ్బరు పోగుల మధ్య గంధకం ముడులు వేస్తుంది. అయితే గట్టిపడటం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగదు. గాలిలోని ఆక్సిజన్ లోపలికి చేరి, ఎండ వేడికి ఏళ్ల తరబడి రబ్బరును ఇంకా బిరుసుగా మారుస్తూనే ఉంటుంది. ఓజోన్ పైన పగుళ్లు తెస్తుంది. దానికి విరుగుడుగా రబ్బరులో మైనం కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతుంటేనే ఆ మైనం బాగా పైకొస్తుంది. ట్రైలరేమో ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండలో నిలబడే ఉంటుంది. అందుకే కారు టైరు అరిగి పోతే, ట్రైలర్ టైరు ముసలిదై పోతుంది.

ఇప్పుడు నాకు ఇష్టమైన పార్ట్. 2000కి ముందు ఈ తేదీకి మూడే అంకెలు. వారానికి రెండు, సంవత్సరానికి ఒకటి! "238" అంటే 1988లో 23వ వారమా, 1998లోనా? కొన్ని కంపెనీలు తొంభైల టైర్లకి పక్కన చిన్న త్రికోణం గుర్తు వేసి నెట్టుకొచ్చాయి. డేటాబేస్‌లో సంవత్సరానికి ఒక్క అంకె పెడితే నా పాత మేనేజర్ నన్ను బతకనిచ్చేవాడు కాదు. 2000 నుంచి నాలుగు అంకెలయ్యాయి.

అదే ఏడాది ఆగస్టులో ఫైర్‌స్టోన్ దాదాపు 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బళ్లవి. స్పీడులో ఉండగా ట్రెడ్ ఊడిపోవడం, బండి పల్టీ కొట్టడం. 270 మందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బకి అమెరికాలో ట్రెడ్ యాక్ట్ అనే చట్టం వచ్చింది, తర్వాత కారు టైర్లకి కఠినమైన టెస్టులు వచ్చాయి. కానీ ట్రైలర్ల కోసం చేసే ఎస్‌టీ టైర్లను ఆ కొత్త టెస్టుల నుంచి మినహాయించారు. గాలి తగ్గితే హెచ్చరించే సిస్టమ్ కూడా కార్లకే తప్పనిసరి, ట్రైలర్లకి కాదు. నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది.

తర్వాత అక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఒక పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కలు చూసింది. టెక్సస్, అరిజోనా లాంటి ఐదు వేడి రాష్ట్రాల్లో ఆ కంపెనీ కస్టమర్లు 27 శాతమే, టైర్ క్లెయిములు మాత్రం 77 శాతం. వాటిలోనూ 84 శాతం ఆరేళ్లు దాటిన టైర్లవే. అయినా ఇన్నేళ్లకి మార్చాలని చట్టమేమీ పెట్టలేదు. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్లంటాయి, కొన్ని టైర్ కంపెనీలు గరిష్ఠంగా పదేళ్లంటాయి.

మరి బావ ఏం చేయాలి? చల్లటి ఊళ్లో, పక్కనున్న చెరువు దాకా వెళ్లడానికైతే నేనూ తటపటాయించేవాణ్ణి. ఇక్కడ జూలై ఎండ, నిండు బరువు, వెయ్యి మైళ్లు. "మార్చెయ్ బావా" అన్నా.

"నాలుగూనా? డబ్బులు చెట్లకి కాస్తున్నాయా? పోనీ ముందు రెండు మారుస్తా, స్పేర్ ఎలాగూ ఉందిగా."

"ఆ స్పేర్‌ది కూడా చదువు."

కవర్ తీశాడు. కాసేపు మాట్లాడలేదు. "1914 అని ఉందిరా. మొదటి ప్రపంచ యుద్ధం నాటిదా ఏంటి?"

2014 మే నెలది. పాత ఓనర్ నాలుగూ మార్చి దాన్ని వదిలేసినట్టున్నాడు. అక్క వెనక నుంచి అంతా వింటోంది. ఐదూ మార్పించాకే బండి కదిలింది, ట్రిప్ ఒక వారం లేటుగా.