కౌరవ జననకథ – మానవ క్లోనింగ్ వాదం: ఒక పరిశీలన

2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన 106వ భారత విజ్ఞానశాస్త్ర మహాసభలో, నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు ఆచార్య జి. నాగేశ్వరరావు కౌరవుల పుట్టుకను మూలకణ, పరీక్షనాళికా విజ్ఞానాలకు నిదర్శనంగా పేర్కొన్నారు. శాస్త్రవేత్తలు దానిని ఖండించారు. ఖండన సమంజసమే. అయితే కథ ఏమి చెబుతున్నదో చూడవలసిన పని సాహిత్య పరిశోధకులది.

ఆదిపర్వ కథలో గాంధారికి చాలాకాలం ప్రసవం కాలేదు. కుంతికి కొడుకు పుట్టాడని విని ఆమె కడుపు బాదుకొన్నది. జారిపడిన మాంసపేశిని వ్యాసుడు చన్నీటితో తడిపించి, నూటొక్క ఖండాలు చేయించి నేతికుండలలో ఉంచాడు. నూరుగురు కొడుకులు, ఒక కూతురు. ఆ దుస్సలయే ఈ వాదానికి అడ్డు. ఒకే పిండాన్ని ఖండిస్తే కలిగే సంతానమంతా ఒకే లింగానికి చెందవలసి ఉంటుంది. 1996 జూలై 5న స్కాట్లండులో పుట్టిన డాలీ గొర్రె విషయం వేరు: పెద్ద గొర్రె పొదుగు కణంలోని కేంద్రకాన్ని, కేంద్రకం తీసివేసిన అండంలో ప్రవేశపెట్టారు. గాంధారి కథలో అటువంటి దాత ఎవరూ లేరు, తండ్రి ధృతరాష్ట్రుడే.

విజ్ఞానం వెదికే తొందరలో కథలోని నైతిక ప్రశ్న మరుగున పడింది. తోడికోడలికంటే ముందు వారసుని కనాలన్న ఆరాటమే ఈ పుట్టుకకు మూలం. సంతానం ఇక్కడ పోటీకి సాధనం. మానవ క్లోనింగ్‌పై వచ్చిన ప్రధాన ఆక్షేపణ కూడా ఇటువంటిదే: బిడ్డ బిడ్డగా కాక ఇతరుల కోరిక తీర్చే వస్తువుగా పుడుతుందని.

మన దేశంలో భారత వైద్య పరిశోధనా మండలి 2000 నాటి మార్గదర్శకాలలోనే దీనిపై నిషేధం పలికింది; మూలకణ పరిశోధనపై 2007లో వెలువడిన మార్గదర్శకాలు ప్రత్యుత్పత్తి క్లోనింగ్‌ను నిషేధించాయి. అయినా 2005 మార్చిలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 84–34 ఓట్లతో క్లోనింగ్ వ్యతిరేక ప్రకటనను ఆమోదించినప్పుడు, భారతదేశం వ్యతిరేకంగా ఓటు వేసింది. చికిత్సార్థక పరిశోధనకు దారి మూయరాదన్నది కారణం. హైదరాబాదులోని సీసీఎంబీలో లాల్జీ సింగ్ చీతాను క్లోనింగ్ ద్వారా తిరిగి తేవాలని సంకల్పించారు. ఇరాన్ సహకరించకపోవడంతో అది సాగలేదు. అక్కడ ప్రశ్న జంతుజాతి పరిరక్షణది గనుక వివాదం వేరు.

డాలీ ఒక్కటి నిలవడానికి 277 అండాలు వినియోగమయ్యాయి. మనుషుల విషయంలో ఆ విఫలయత్నాలకు, అవయవలోపంతో పుట్టిన శిశువుకు బాధ్యులెవరు? దుర్యోధనుడు పుట్టినప్పుడు దుశ్శకునాలు చూసి విదురుడు శిశువును విడిచిపెట్టమన్నాడు, ధృతరాష్ట్రుడు విడువలేదు. కథకుడు ధృతరాష్ట్రుని నిర్ణయాన్ని వంశనాశనానికి ముడిపెట్టాడు గాని, పుట్టించిన తరువాత త్యజించమనే సలహా తేలికైనది కాదు. వ్యాసుని మాత్రం ఆ సభలో ఎవరూ ప్రశ్నించలేదు.