చెవి పరీక్షకు మన దారి

మన సంఘ సమావేశాలలో ఈ మధ్య ఒక మార్పు కనిపిస్తోంది. కరువు భత్యం బకాయిల గురించి కార్యదర్శిగారు చెబుతుంటే వెనుక వరుసల వారు లేచి ముందుకు వచ్చి కూర్చుంటున్నారు. ఉత్సాహం వల్ల కాదు, వినపడక. వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేవి హెచ్చు స్థాయి సన్నని ధ్వనులు. స, ష, త, క వంటి అక్షరాలు జారిపోతాయి. "మాట వినబడుతోంది గానీ ఏమన్నారో తెలియడం లేదు" అని మనం అనేది అందుకే.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వాసులమైన మనకు ఈ విషయంలో పొరుగున ఉన్నది మలక్‌పేట. ప్రభుత్వ బధిరుల పాఠశాల అక్కడే ఉంది. ఐక్యరాజ్య సమితి వికలాంగుల సంవత్సరంగా ప్రకటించిన 1981లో మన రాష్ట్రంలో వికలాంగుల సహకార సంస్థ ఏర్పడింది. దాని కార్యాలయమూ మలక్‌పేటలోనే. ఉపకరణాల పంపిణీకి కేంద్ర ప్రభుత్వ పథకం 'అడిప్' మొదలైనదీ 1981లోనే. ఆ రోజుల్లో ఇచ్చే యంత్రం చొక్కా జేబులో పెట్టుకునే పెట్టె, దాని నుండి చెవికి ఒక తీగ. బట్ట రాసుకుంటే చాలు, చెవిలో గరగర!

చెవి జబ్బులకు పెద్ద దిక్కు కోఠీలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి. ఇక జాతీయ సంస్థ సంగతి. 1983 ఆగస్టు 9న బొంబాయిలో బధిరుల కోసం స్థాపించిన సంస్థకు అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఆయన మన హైదరాబాదు వారే. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా, పలు దేశాలలో రాయబారిగా పనిచేసి, 1976లో మహారాష్ట్ర గవర్నరుగా ఉండగా కన్నుమూశారు. ఆ సంస్థ దక్షిణ ప్రాంతీయ కేంద్రం 1986లో సికింద్రాబాదుకు వచ్చింది. బోయినపల్లి వైపు మనోవికాస నగర్‌లో ఉంది. పేరు మన ఊరిదే అయినా కేంద్రం మాత్రం మనకు ఊరి ఆ చివర! 107 నంబరు బస్సులో సికింద్రాబాదు చేరి, అక్కడ బస్సు మారి, ఆ హారన్ల మోతలో చెవులు దిమ్మెక్కాక పరీక్షకు కూర్చోవడమంటే ఎలా ఉంటుందో వెళ్ళినవారికి తెలుసు.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట – ఎల్.బి.నగర్ మెట్రో ప్రారంభమయ్యాక కోఠీ దారి సుగమమైంది. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగితే చాలు.

దారి దగ్గరైంది గానీ గీతలు మారలేదు. 1995 నాటి వికలాంగుల చట్టం వినికిడి లోపాన్ని 60 డెసిబెల్స్ వద్ద నిర్ణయించింది. 2016 చట్టం కూడా రెండు చెవులలోనూ 60 నుండి 70 డెసిబెల్స్ లోపం ఉంటేనే మందశ్రవణులని, 70 దాటితే బధిరులని చెప్పింది. మామూలు సంభాషణ స్థాయే సుమారు 60 డెసిబెల్స్ కదా! అంటే ఎదుటివారి మాట దాదాపు పూర్తిగా పోతే గానీ లెక్కలోకి రాము. దానికి తోడు ఆదాయ పరిమితి. 2022 సవరణతో 'అడిప్'లో నెలకు 22,500 రూపాయల వరకు ఉచితం, 30,000 వరకు సగం ధర. వృద్ధుల కోసం 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ప్రారంభించిన 'రాష్ట్రీయ వయోశ్రీ యోజన' పేద వృద్ధులకు ఉద్దేశించినది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ చిన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంటు ఇప్పించి ఎందరికో మాట తెప్పించింది. ఆ వరుసలో పిల్లలు ముందుండడం న్యాయమే, అందుకు మనకేమీ బాధ లేదు. అయితే మధ్యస్థ పింఛనుదారుడు ఏ గడిలోనూ ఇమడడు.

నాతో పనిచేసిన ఒక మిత్రుడు చైతన్యపురిలో ఉంటారు. పరీక్ష లేకుండా ఒక దుకాణంలో యంత్రం కొని, అందులో అన్ని శబ్దాలూ ఒకే తీరున పెరగడంతో విసిగి బీరువాలో పడేశారు. తరువాత ఒక ఆసుపత్రిలో ఆడియోగ్రామ్ తీయిస్తే 52 డెసిబెల్స్ అని తేలింది. సర్టిఫికెట్టుకు 8 తక్కువ. ఆ కాగితం చూపించి అదే దుకాణానికి మళ్ళీ వెళ్ళారు. ఏ ధ్వని ఎంత తగ్గిందో దానిలో ఉంది గనుక యంత్రాన్ని సరిచేసి ఇచ్చారట. పోయిన నెల సమావేశంలో ఆయన మూడవ వరుసలోనే కూర్చున్నారు.